తోయాలా, లాగాలా?

(రేడియో ప్రసంగ పాఠం)

ఈ కార్యక్రమానికి వచ్చినవాళ్ళు మామూలుగా తమకు నచ్చిన పుస్తకాల గురించో, సినిమాల గురించో చెబుతూ ఉంటారు. నేనివాళ నా జాబితా తీసుకురాలేదు. మా ప్రాజెక్టులో డిజైన్ మేనేజరుగా పనిచేస్తున్న ఒకావిడ ఈ మధ్య ఇష్టపడి చదివినవీ, చూసినవీ, విన్నవీ మీకు పరిచయం చేద్దామని వచ్చాను. ఆవిడ మన తెలుగావిడ కాదు, ఇక్కడే పుట్టి పెరిగిన అమెరికన్. ఆవిడ ఏం చదివితే మనకేమిటి అనుకోకండి. ఆ జాబితాలో ఉన్నవాటిల్లో సగం మన ఇళ్ళల్లో రోజూ జరిగే సంగతులే. మన పేర్ల గొడవ కూడా అందులో ఉంది, దాని దగ్గరకి తర్వాత వస్తాను.

డిజైన్ మేనేజరంటే రంగులు ఎంపిక చేసే మనిషి అని చాలామంది అనుకుంటారు. రంగులు ఆ పనిలో చిన్న ముక్క మాత్రమే. నాలాంటి కన్సల్టెంటు డేటాబేసులో ఏ సమాచారం ఎక్కడ దాచాలో చూసుకుంటాడు. అదే సమాచారాన్ని ఒక మామూలు మనిషి, అందులోనూ తొందరలో ఉన్నవాడో, కళ్ళు సరిగా కనబడని పెద్దాయనో, ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చినావిడో, తడబడకుండా ఎలా నింపగలరు అన్నది డిజైన్ వాళ్ళ సమస్య. మా మీటింగుల్లో ఎవరైనా "యూజర్ తప్పు చేశాడు" అనగానే ఆవిడ కలం కింద పెట్టేసి, "ముందు స్క్రీన్ చూద్దాం, తర్వాత మనిషి సంగతి" అంటారు. ఈ మాట ఎక్కడినుంచి వచ్చిందండీ అని అడిగితే ఆవిడ నా చేతిలో పెట్టిన పుస్తకమే జాబితాలో మొదటిది.

డొనాల్డ్ నార్మన్ రాసిన 'ద డిజైన్ ఆఫ్ ఎవ్రీడే థింగ్స్'. 1988లో వచ్చినప్పుడు దీని పేరు 'ద సైకాలజీ ఆఫ్ ఎవ్రీడే థింగ్స్'. పేపర్‌బ్యాక్ వేసేటప్పుడు పేరు మార్చారు. 2013లో చాలా భాగాలు తిరగరాసి కొత్త కూర్పు తెచ్చారు, చదివేవాళ్ళు అదే చదవండి. అట్ట మీద ఒక కాఫీ కెటిల్ బొమ్మ ఉంటుంది. దాని పిడీ, కాఫీ పోసే ముక్కూ ఒకే పక్కన ఉంటాయి. పట్టుకుని వంచితే కాఫీ మన చేతి మీదే! రేడియోలో బొమ్మ చూపించలేను కాబట్టి మీరే ఊహించుకోండి.

ఆయన తలుపులతో మొదలుపెడతారు. తలుపుకి పట్టుకునే పిడి ఉంటే చెయ్యి దానంతటదే లాగబోతుంది. చదునైన రేకు ఉంటే తోస్తుంది. ఇక్కడి ఆఫీసు భవనాల్లో రెండు వైపులా ఒకే రకం పిడి పెట్టి, పైన 'పుష్', 'పుల్' అని కాగితాలు అంటిస్తారు. ఒక తలుపుని వాడటానికి మనిషి చదువుకోవాల్సి వచ్చిందంటే ఆ తలుపులోనే ఏదో లోపం ఉంది. ఇలాంటి తలుపులకి 'నార్మన్ డోర్' అనే పేరు కూడా స్థిరపడిపోయింది పాపం, ఆయన వాటిని తిట్టినందుకు!

వంటింట్లోకి రండి. స్టవ్ మీద బర్నర్లు ముందు రెండు, వెనక రెండు, చదరంగా ఉంటాయి. వాటి నాబ్‌లు మాత్రం నాలుగూ ఒకే వరసలో ఉంటాయి. ఏ నాబ్ ఏ బర్నరుదో చూడగానే తెలిసే దారి లేదు, పక్కనున్న చుక్కల బొమ్మ చదవాలి. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడల్లా పాలు ఒక బర్నరు మీద పెట్టి ఇంకోటి వెలిగించి, "ఈ వయసులో నాకివి పట్టుబడవురా" అంటుంది. నలభై ఏళ్ళు వంట చేసిన మనిషి! బర్నర్లు ఎలా అమర్చారో నాబ్‌లూ అలాగే అమరిస్తే ఎవరికీ ఏదీ పట్టుబడాల్సిన అవసరమే ఉండదని నార్మన్ బొమ్మలు గీసి చూపిస్తారు.

ఈ పుస్తకంలో నన్ను ఎక్కువసేపు ఆపిన ఉదాహరణ ఫ్రిజ్. ఆయన ఇంట్లో ఉన్న ఫ్రిజ్‌కి రెండు మరలు, ఒకటి ఫ్రీజరుకి, ఒకటి కింది అరకి. రెండూ వేటికవే అనుకుంటాం కదా? లోపల చల్లబరిచే యంత్రం ఒక్కటే. ఒక మర ఆ యంత్రం ఎంత పనిచెయ్యాలో చెబుతుంది, రెండోది ఆ చల్లగాలిని రెండు అరలకీ ఎలా పంచాలో చెబుతుంది. ఒకటి తిప్పితే రెండూ మారతాయి. పైగా ఫలితం తెలియడానికి ఒక రోజు పడుతుంది. ఇంక సరిచేసేదెలా? వస్తువు లోపల జరుగుతున్నది వేరు, బయటికి చెబుతున్న కథ వేరు. మనం ఆ కథ నమ్మి నడుచుకుంటాం, కుదరకపోతే మనల్ని మనమే తిట్టుకుంటాం.

స్టవ్వూ ఫ్రిజ్ అయితే నవ్వుకుని వదిలెయ్యొచ్చు. 1979 మార్చి 28న పెన్సిల్వేనియాలోని త్రీ మైల్ ఐలండ్ అణువిద్యుత్ కేంద్రంలో జరిగినదానికి నవ్వలేం. అక్కడ ఒక వాల్వ్ తెరుచుకుని మళ్ళీ మూసుకోకుండా ఇరుక్కుపోయింది. కంట్రోల్ రూములో దీపం మాత్రం అంతా సవ్యంగా ఉన్నట్టే చూపించింది. ఎందుకంటే ఆ దీపం చెప్పేది "మూసుకోమని ఆజ్ఞ వెళ్ళింది" అని మాత్రమే. వాల్వ్ నిజంగా మూసుకుందా లేదా అన్నది దానికి తెలియదు. రెండు గంటలకు పైగా చల్లబరిచే నీళ్ళు బయటికి పోతూనే ఉన్నాయి, కోర్‌లో సుమారు సగం కరిగిపోయింది. అక్కడి ఆపరేటర్లు ఎందుకు పొరబడ్డారో చూడమని పిలిచినవాళ్ళలో నార్మన్ కూడా ఉన్నారు. మనుషుల లోపం వెతకటానికి వెళ్ళి, ఆ కంట్రోల్ రూమునే తప్పులు చేయించడానికి కట్టినట్టుందని తేల్చారు.

జాబితాలో రెండోది కాస్త బరువైన పుస్తకం. మార్షా లౌసెన్ రాసిన 'డిజైన్ ఫర్ డెమోక్రసీ', 2007లో వచ్చింది. బ్యాలెట్ కాగితాలు ఎలా ఉండాలన్నది విషయం. ఫ్లోరిడాలో ఉన్న శ్రోతలకు 2000 సంవత్సరం ఎన్నికలు గుర్తుండే ఉంటాయి. పామ్ బీచ్ కౌంటీలో బ్యాలెట్టుని సీతాకోకచిలుక రెక్కల్లా రెండు పేజీల్లో పరిచారు. పేర్లు రెండు వైపులా, రంధ్రం చెయ్యాల్సిన చుక్కలు మధ్యలో ఒకే వరసలో. ఎడమ పేజీలో బుష్ మొదటి పేరు, అల్ గోర్ రెండో పేరు. కానీ రెండో చుక్క గోర్‌ది కాదు, కుడి పేజీలో మొదట ఉన్న పాట్ బుకానన్‌ది. గోర్‌ది మూడో చుక్క. ఆ కౌంటీలో బుకానన్‌కి 3,400 పైచిలుకు ఓట్లు పడ్డాయి. రెండు చోట్ల రంధ్రం పడి చెల్లకుండా పోయిన బ్యాలెట్లు 19,000కు పైనే. ఫ్లోరిడాలో బుష్ అధికారికంగా గెలిచిన తేడా 537 ఓట్లు.

ఇందులో ఏ కుట్రా లేదు, అదే విచిత్రం. ఆ కౌంటీలో వయసు మళ్ళినవాళ్ళు ఎక్కువ కాబట్టి వాళ్ళు చదవగలిగేలా అక్షరాలు పెద్దవి చేద్దామనుకున్నారు. పెద్ద అక్షరాలు ఒక పేజీలో పట్టలేదు, అందుకని రెండు పేజీలయ్యాయి. పెద్దవాళ్ళకి సాయం చేద్దామని చేసిన పనే వాళ్ళ ఓట్లని పాడుచేసింది. ఓ పది మంది ముసలివాళ్ళని కూర్చోబెట్టి, "మీకిష్టమైనవాళ్ళకి ఓటెయ్యండి చూద్దాం" అని ముందే చూసి ఉంటే ఒక్క పూటలో బయటపడేది. మా మేనేజరు ఈ కథని కొత్తగా చేరిన ప్రతి ఇంజనీరుకీ చెబుతారు. మంచి ఉద్దేశంతో చేశాం అనేది ఆవిడ దగ్గర చెల్లదు, పరీక్షించారా అని అడుగుతారు.

ఇప్పుడు మన పేర్ల గొడవకి వద్దాం. ఇది పుస్తకం కాదు, నాలుగైదు పేజీల వ్యాసం. పాట్రిక్ మెకెంజీ అనే ప్రోగ్రామరు 2010లో రాసింది. పేర్ల గురించి ప్రోగ్రామర్లు నమ్మే అబద్ధాలు ఏమిటో ఒక జాబితా. ఈయన అప్పట్లో జపానులో ఉండేవాడు, అక్కడి కంప్యూటర్లు ఈయన పేరు మింగలేక తిప్పలు పడేవి. ఆ కోపంలోంచి పుట్టిందన్నమాట. ప్రతి మనిషికీ ఒకే పూర్తి పేరు ఉంటుంది, ఆ పేరు మారదు, అందులో ముందు భాగం, చివరి భాగం అని ఉంటాయి, ఒకే ఇంట్లోవాళ్ళకి చివరి భాగం ఒకటే ఉంటుంది... ఇలా సాగుతుంది. చదువుతుంటే ప్రతి అబద్ధం పక్కనా మన బంధువుల్లో ఎవరో ఒకరిని రాసుకోవచ్చు.

మనకి ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు వెనక. ఇంటిపేరుని పొడి అక్షరంగా కుదించి రాసుకోవడం అలవాటు. బడిలో ఒక రకం, భూమి పట్టాలో ఒక రకం, పాస్‌పోర్టులో ఇంకో రకం. 'ఫస్ట్ నేమ్', 'లాస్ట్ నేమ్' అని అడిగితే తర్కం ప్రకారం మన మొదటి పేరు ఇంటిపేరే కదా! కొందరు అలాగే రాశారు. కొందరి పాస్‌పోర్టుల్లో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి, పేరంతా గివెన్ నేమ్ గడిలో పడింది. అలాంటివాళ్ళకి అమెరికా వీసా వచ్చేటప్పుడు ఉన్న పేరంతా సర్‌నేమ్ గడిలోకి వెళ్ళిపోయి, మొదటి పేరు గడిలో 'ఎఫ్ఎన్‌యూ' అని మూడక్షరాలు పడతాయి. 'ఫస్ట్ నేమ్ అన్‌నోన్', అంటే మొదటి పేరు తెలియదు అని. ఆ మూడక్షరాలు డ్రైవింగ్ లైసెన్సు మీదకీ, బ్యాంకు కార్డు మీదకీ పాకుతాయి. క్లినిక్‌లో నర్సు బయటికి వచ్చి "ఫ్నూ!" అని పిలిస్తే లేచి నిలబడే మనవాళ్ళని నేను చూశాను. ఒక పెద్దాయన నవ్వుతూనే, "నాన్న పెట్టిన పేరు ఒకటి, కంప్యూటర్ పెట్టిన పేరు ఒకటి" అన్నారు. ఆ నవ్వు నాకు అంత నవ్వుగా అనిపించలేదు.

గల్ఫ్‌లో ఉన్న శ్రోతలకు ఈ సంగతి ఇంకా బాగా తెలుసు. 2022 నవంబరులో పాస్‌పోర్టులో ఒక్క పేరే ఉన్నవాళ్ళకి విజిట్ వీసా మీద ప్రవేశం లేదని యు.ఎ.ఇ. నియమం తెచ్చింది. ఆ తర్వాత పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరో కుటుంబం పేరో ఉంటే ఒప్పుకుంటామని వివరణ ఇచ్చారు. ఒక ఫారంలో ఒక ఖాళీ గడి, విమానాశ్రయంలో ఒక మనిషిని ఆపెయ్యగలదు.

మా ప్రాజెక్టు ఒక ఆరోగ్య సంస్థకి. కొత్త పేషెంట్లని నమోదు చేసే ఫారం తయారవుతున్నప్పుడు ఆవిడ ఆ వ్యాసాన్ని ప్రింటు తీసి అందరికీ పంచి, "చదివాకే మీటింగు" అన్నారు. ఆసుపత్రి వ్యవహారంలో పేరు మర్యాదకి సంబంధించిన విషయం మాత్రమే కాదు. ఒకే మనిషి ఒకసారి ఇంటిపేరు ముందు, ఇంకోసారి వెనక రాస్తే సిస్టం ఇద్దరు మనుషులనుకుని రెండు ఫైళ్ళు తెరిచే అవకాశం ఉంది. పెన్సిలిన్ పడదు అన్న మాట ఒక ఫైల్లో ఉండి, డాక్టరు చూసేది రెండో ఫైలైతే? ఆవిడ నన్ను బోర్డు దగ్గరికి పిలిచి, మీ ఇంట్లోవాళ్ళ పేర్లు ఎలా రాస్తారో రాయమన్నారు. మా నాన్నగారివీ, మా ఆవిడవీ, మా అబ్బాయివీ రాశాను. ముగ్గురికీ మూడు పద్ధతులు. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

చివరికి పేషెంటుకి కనబడే ఫారం మారింది. కార్డు మీద పేరు ఎలా ఉంటే అలా మొత్తం ఒకే గడిలో రాయమని ఒకటి, మిమ్మల్ని ఏమని పిలవమంటారు అని ఇంకొకటి. వెనకాల మాత్రం పాత కథే. ఇక్కడ ఇన్సూరెన్సు కంపెనీలకు బిల్లు పంపే ఫైలు నమూనాలో ఇంటిపేరు గడి తప్పనిసరి, అది మా చేతిలో లేదు. కాబట్టి ఒక్క గడిలో తీసుకున్న పేరుని లోపలెక్కడో మళ్ళీ రెండు ముక్కలు చెయ్యాల్సిందే. ఎక్కడ కొయ్యాలో యంత్రానికి అనుమానం వస్తే మనిషిని అడగాలన్నది ఆవిడ పట్టుబట్టి సాధించిన నియమం. పూర్తి గెలుపు కాదు. అయినా నాకు ఆ సాయంత్రం పన్నెండేళ్ళ ఉద్యోగంలో దొరకని తృప్తి దొరికింది.

సరే, చదివినవి అయ్యాయి, చూసినవాటికి వస్తాను. గ్యారీ హస్ట్‌విట్ తీసిన 'హెల్వెటికా' అనే డాక్యుమెంటరీ, 2007. ఒక ఫాంటు మీద గంటకు పైగా సినిమా అంటే నేనూ మొదట నవ్వాను. హెల్వెటికా 1957లో స్విట్జర్లాండులో పుట్టింది, గీసినవాడు మాక్స్ మీడింగర్. మనం ఏటా ఏప్రిల్లో తిట్టుకుంటూ నింపే ఇన్‌కంటాక్స్ ఫారం అక్షరాలు ఇవే, న్యూయార్క్ సబ్‌వే బోర్డులూ ఇవే. ఇందులో నాకు నచ్చింది వాదనలు. మాసిమో విన్యెల్లీ ఈ అక్షరాల్లోని శుభ్రతకి మురిసిపోతే, పాలా షేర్‌కి ఇవి వియత్నాం యుద్ధం రోజుల పెద్ద కంపెనీల అక్షరాలుగా గుర్తు. అక్షరం గుండ్రంగా ఉందా పలకగా ఉందా అని మనుషులు అంత ఆవేశపడటం చూడముచ్చటగా ఉంటుంది. అదే దర్శకుడు 2018లో జర్మన్ డిజైనర్ డీటర్ రామ్స్ మీద 'రామ్స్' తీశాడు. అదీ ఆవిడ జాబితాలో ఉంది. నాకు కాస్త నిదానంగా అనిపించింది, బ్రయన్ ఈనో సంగీతం మాత్రం బాగుంది.

ఆ ఫాంటు సినిమా చూస్తున్నంతసేపూ నా మనసు మన అక్షరాల మీదే. ఇంగ్లీషు అక్షరాలు ఒక వరసలో బుద్ధిగా కూర్చుంటాయి. మనవి పైన తలకట్టు, గుడి, కింద కొమ్ము కాదు గానీ ఒత్తులు, వట్రసుడి, ఒత్తు కింద ఇంకో ఒత్తు. 'లక్ష్మి' అని రాస్తే ఆ అక్షరానికి మేడ మీద గదీ కావాలి, నేలమాళిగా కావాలి. ఇంగ్లీషు ఎత్తు లెక్కేసి చేసిన బటన్లో తెలుగు పెడితే కింది ఒత్తులు కత్తిరించుకుపోతాయి. మీ ఫోను తెలుగులోకి మార్చి చూడండి, ఎక్కడో ఒకచోట కనబడుతుంది. 2018 ఫిబ్రవరిలో ఇంకా పెద్ద తమాషా జరిగింది. 'జ్ఞా' అన్న అక్షరాన్ని ఒక రకంగా కూర్చి ఐఫోనుకి పంపితే మెసేజీల ఆప్ కుప్పకూలి మళ్ళీ తెరుచుకునేది కాదు. ఆపిల్ కంపెనీ అదే నెలలో సరిచేసింది. జ్ఞానం మొదటి అక్షరమే ఫోనుకి అరక్క పోవడం అప్పట్లో మనవాళ్ళకి మంచి జోకయింది. కానీ ఆ అక్షరం ప్రతి చిన్న తరగతి పిల్లవాడూ దిద్దేదే. పరీక్షించేవాళ్ళలో తెలుగు రాసే మనిషి ఒక్కరున్నా ముందే దొరికేదేమో అని నా వృత్తిబుద్ధి అనుకుంది.

ఒక్కో పత్రికకి ఒక్కో ఫాంటు దించుకున్న రోజులు మీలో చాలామందికి గుర్తే. యూనికోడ్ వచ్చాక ఆ బాధ తగ్గింది. ఇప్పుడు పెద్దన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, గిడుగు, గురజాడ పేర్లతో గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. వీటినీ, మన బాపుగారి చేతిరాత అక్షరాలతో ఉన్న ఒక పెళ్ళి శుభలేఖనీ మా మేనేజరుకి చూపించాను. ఆవిడ చదవలేరు కదా, అయినా శుభలేఖని పది నిమిషాలు వదల్లేదు. "రాసినాయన బొమ్మలు కూడా వేస్తారా?" అని అడిగారు!

ఇక విన్నవి. '99 పర్సెంట్ ఇన్విజిబుల్' అని రోమన్ మార్స్ 2010లో శాన్‌ఫ్రాన్సిస్కో రేడియోలో నాలుగైదు నిమిషాల ముక్కలుగా మొదలుపెట్టిన కార్యక్రమం, తర్వాత పెద్ద పాడ్‌కాస్ట్ అయింది. కంటికి కనబడే వస్తువుల గురించి చెవికి చెప్పటం ఎంత కష్టమో ఈ మైకు ముందు కూర్చున్నాక నాకు తెలుస్తోంది, ఆయన అది సునాయాసంగా చేస్తారు. ఆవిడ వినమన్నది 2018లో వచ్చిన 'కర్బ్ కట్స్' అన్న భాగం. సైడ్‌వాక్ చివర రోడ్డులోకి వాలుగా దిగే చిన్న జారుడు ఉంటుంది చూడండి, దాని కథ.

ఎడ్ రాబర్ట్స్ అనే కుర్రాడికి పద్నాలుగో ఏట పోలియో వచ్చి మెడ కింద దాదాపు ఏమీ కదలని స్థితి. 1962లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో చేరాడు, హాస్టల్లో ఆయనకి పనికొచ్చే గది లేక అక్కడి ఆసుపత్రి భవనంలోనే ఉండి చదివాడు. ఆయనా, ఆయనలాంటి మరికొందరూ చక్రాల కుర్చీల్లో ఊళ్ళోకి వెళ్దామంటే ప్రతి మలుపులోనూ ఆరంగుళాల గట్టు అడ్డం. గట్టు ఎక్కలేకపోవటం తమ శరీరాల లోపం అని వాళ్ళు ఒప్పుకోలేదు, లోపం గట్టుదన్నారు. బర్క్‌లీ నగరం చేత వాలులు కట్టించారు. 1977లో శాన్‌ఫ్రాన్సిస్కోలో వికలాంగులు ప్రభుత్వ కార్యాలయంలో దాదాపు నాలుగు వారాలు బైఠాయించారు. 1990లో అమెరికా అంతటికీ చట్టం వచ్చింది. ఆ బైఠాయింపు సంగతి 2020లో వచ్చిన 'క్రిప్ క్యాంప్' డాక్యుమెంటరీలో చూడొచ్చు, జాబితాలో అదే చివరిది, అన్నిటిలోకీ నాకు బాగా నచ్చినది కూడా.

ఇప్పుడు ఆ వాలు మీద ఎవరు వెళ్తున్నారు? స్ట్రోలర్‌లో మనవడిని తోసుకుంటూ మన అమ్మానాన్నలు, సూట్‌కేసు లాక్కుంటూ మనం. మోకాళ్ళ నొప్పులున్న మా నాన్నగారు సాయంత్రం నడకలో గట్టు ఎక్కకుండా నాలుగడుగులు చుట్టూ తిరిగి ఆ వాలు మీంచే వస్తారు.

పిల్లలున్నవాళ్ళు ఈ పాడ్‌కాస్ట్‌తో మొదలుపెట్టండి, కారులో వినొచ్చు. నార్మన్ పుస్తకం మీ ఊరి లైబ్రరీలో అడిగి చూడండి, మొదటి రెండు అధ్యాయాలు చదివితే మిగతాది అదే చదివిస్తుంది. బ్యాలెట్ పుస్తకం ఎన్నికల పనిలో వాలంటీర్లుగా వెళ్ళేవాళ్ళకి మాత్రమే.

అవతల స్టూడియోలో అక్కయ్య ఫోను లైన్లు వెలుగుతున్నాయని సైగ చేస్తున్నారు. మీ పేరుని ఏ ఆఫీసువాళ్ళు ఎలా మార్చేశారో చెప్పండి, నేను రాసుకుని వెళ్ళి మా మేనేజరుకి ఇస్తాను. మొదటి కాలర్ ఎవరండీ?